కలకత్తా నగరము: నేల, నీరు, గాలి

నదీతీరమున వెలసిన పట్టణములో నేలవాలు నదివైపునకే యుండునని ఎల్లరును తలంతురు. వీధులపై కురిసిన వాననీరు కాలువలవెంట జారి నదిలో కలియుననుకొనుట సహజము. కలకత్తాలో అట్లు కాదు. హుగ్లీనది తూర్పుగట్టున నున్న ఆ నగరములో నదియొడ్డే మెరక. అచటినుండి తూర్పునకు పోవుకొలది నేల పల్లమగుచు, తుదకు చిత్తడి మడుగులలోనికి దిగిపోవును. నగరపు నేల సముద్రమట్టమునకు 1.5 మీటర్లు మొదలు 9 మీటర్ల వరకు మాత్రమే ఎత్తు. కోటలను గూర్చియు, కొలువులను గూర్చియు, గవర్నరు జనరళ్లను గూర్చియు కథలు జనులకు కంఠస్థములు. నదిప్రక్కన నుండియు నీటిని నదికి పోనీయని ఈ విపరీతపు వాలు సంగతి మాత్రము ఇంజనీర్ల నివేదికలను దాటి జనుల మాటలలోనికి అంతగా రాలేదు. కాని ఆ నగర చరిత్రలో సగముభాగము ఈ వాలుతో జరిగిన పోరాటమే.

ఇట్టి వాలునకు కారణము నదియే. వరదకాలమున గట్టు దాటి పొర్లిన నీరు తాను మోసికొనివచ్చిన ఇసుకను, బరువైన మట్టిని ఒడ్డుననే దింపివేయును. సన్నని బురద మాత్రము దూరముగా పోయి పల్లములలో పేరుకొనును. వేలకొలది సంవత్సరములు ఇట్లు జరుగగా నదికి ఇరుప్రక్కల సహజమైన కరకట్టలు లేచి, వాని వెనుక పల్లపు భూములు మిగులును. గోదావరీ కృష్ణా మండలములలో పుట్టి పెరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఆ రెండు నదులు పోసిన మెరకల నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. కలకత్తాకు తూర్పున నున్న మడుగులును ఆ జాతివే. భేదమేమనగా, కొల్లేటి అంచున ఎవరును మహానగరమును కట్టలేదు.

1835వ సంవత్సరమున ఫోర్టు విలియము కోటలో ఒక గొట్టపుబావిని త్రవ్వ మొదలిడిరి. మంచినీటి ఊటకై ఆరంభించిన పని అది. 1840 వరకు సాగి 481 అడుగుల లోతునకు పోయినను రాతిపొర తగులలేదు. పైకి వచ్చినవి ఇసుక, బంకమట్టి, గులకరాళ్లు, కుళ్లిన చెట్ల అవశేషములు. అనగా నేటి సముద్రమట్టమునకు ఎంతయో దిగువన నున్న పొరలు ఒకప్పుడు చెట్లు మొలచిన నేలలేనన్న మాట. 1864లో సియాల్దా వద్ద ఒక చెరువును త్రవ్వుచుండగా సుమారు 30 అడుగుల లోతున నిలువుగా నిలిచియున్న చెట్ల మొదళ్లు బయటపడినవి. అవి నేడు సుందరవనములలో పెరుగు సుందరి జాతికి చెందినవి. రైళ్లు వచ్చిపోవు ఆ స్థలము ఒకనాడు పోటునీట తడిసిన మడ అడవి. నేల క్రమక్రమముగా క్రుంగుచుండగా నది దానిపై ఒండ్రు పోయుచు వచ్చినది. క్రుంగుట నేటికిని ఆగలేదు. ఒండ్రు పోయుట మాత్రము, కట్టడముల వలనను గట్ల వలనను, ఆగిపోయినది.

ఇట్టి చోట వర్తకులు ఏల దిగిరి? ఈస్టిండియా కంపెనీ ప్రతినిధియైన జాబ్ చార్నాక్ 1690 ఆగస్టు 24న సుతానుటి రేవున దిగెనని చరిత్రకారులు వ్రాసిరి. సుతానుటి, కలికాత, గోవిందపురము అను మూడు గ్రామముల హక్కులను 1698లో కంపెనీవారు సావర్ణ రాయ చౌధురీల కుటుంబమునుండి 1,300 రూపాయలకు సంపాదించిరి. నూలు బజారులు, నేతగాండ్ర కుటుంబములు అంతకుముందే అచట నుండినవి. అందువలననే 2003లో కలకత్తా హైకోర్టు, ఆ నగరమునకు చార్నాక్ స్థాపకుడు కాడనియు, దానికి ఒక పుట్టినదినము లేదనియు తీర్మానించెను. చార్నాక్ ఎన్నికకు కారణములు రెండు కనబడుచున్నవి. సముద్రము నుండి నదీమార్గమున సుమారు 150 కిలోమీటర్లు లోపలికి వచ్చిన పెద్ద ఓడలు ఈ తూర్పుగట్టున లోతైన నీటిలో లంగరు వేయగలవు. పడమటినుండి వచ్చు శత్రువునకు నది అడ్డము; తూర్పునుండి వచ్చువానికి మడుగులు అడ్డము. యుద్ధమునకు అనువైన ఆ పల్లమే ఆరోగ్యమునకు శత్రువయ్యెను.

ఆ కాలమున అచట నుండిన అలెగ్జాండర్ హామిల్టన్ అను నావికవర్తకుడు 1727లో ప్రకటించిన గ్రంథములో, నదీతీరమంతటిలో ఇంతకన్న అనారోగ్యకరమైన చోటు దొరకదని చార్నాక్‌ను నిందించినాడు. తూర్పుననున్న ఉప్పుమడుగు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పొంగి, తరువాత నీరు తీయగా చేపలు నేలపై చచ్చి కుళ్లుచుండెడివని అతని మాట. ఒక సంవత్సరము ఆగస్టులో 1,200 మంది ఆంగ్లేయులుండగా జనవరి రాకముందే 460 మందిని పూడ్చిపెట్టినట్లు లెక్కయుండెనని వ్రాసినాడు. నేలకొరిగిన దేశీయుల లెక్క ఆ పుస్తకములలో ఎక్కలేదు.

పాత నగరములో నీటి జాడలు వీధుల పేర్లలో నిలిచియున్నవి. నదినుండి బయలుదేరి, నేటి కిరణ్ శంకర్ రాయ్ రోడ్డు ప్రాంతముమీదుగా తూర్పునకు పోయి ఉప్పుమడుగులలో కలిసిన ఒక ఏరు ఉండెడిది. దానిలో పడవలు నడచెడివి. ఏరు పూడిపోయినది, క్రీక్ రో అను వీధి పేరు మాత్రము మిగిలినది. ఆ ప్రాంతమునకే డింగాభంగా అని వేరొక పేరు కలదు. పడవలు పగిలినచోటని దాని యర్థము. మరాఠీ దండు భయముచేత 1742లో నగరముచుట్టు త్రవ్వ మొదలిడిన కందకము సగములో నిలిచిపోయి, దుర్గంధమునకు నిలయమై, తరువాత పూడ్చబడి చుట్టురోడ్డుగా మారినది. నేడు ఆచార్య జగదీశచంద్ర బోసు పేరనున్న రోడ్డు ఆ దారిలోనిదే.

ఇక గాలి సంగతి. కర్కాటకరేఖకు దిగువన, బంగాళాఖాతమునకు తలుపు తెరచియున్నట్లుండు ఈ మైదానములో దక్షిణపుగాలిని ఆపు కొండ ఒక్కటియు లేదు. మార్చి నుండి సముద్రముమీది చెమ్మగాలి నేరుగా నగరములోనికి వచ్చును. మే మాసపు పగటివేడిమి సగటున 35, 36 డిగ్రీలు. రాయలసీమ, తెలంగాణము నుండి వచ్చినవారు ఈ అంకెను విని నవ్వుదురు. ఒక వారము గడచిన పిమ్మట నవ్వుట మానుదురు. కర్నూలు ఎండలో పట్టిన చెమట వెంటనే ఆరి దేహమును చల్లబరచును. కలకత్తాలో గాలియే నీటితో నిండియుండుటచేత చెమట ఆరదు. దేహపు వేడి బయటికి పోదు. కాకినాడ, మచిలీపట్టణముల ఉక్కపోత నెరిగినవారికి మాత్రము ఇది పుట్టింటి గాలివలెనే తోచును. దక్షిణము తెరపిగా నున్న ఇల్లు అచట నేటికిని ఎక్కువ వెల పలుకుటకు ఈ గాలియే కారణము. పూర్వపు ధనికుల మేడలలో ఎత్తైన అరుగులు, దక్షిణపు వసారాలు, నిలువెత్తు కిటికీలకు పలకల తలుపులు కనబడుట అందము కొరకు మాత్రమే కాదు.

ఆ ఉక్కకు ప్రకృతియే ఒక విరుగుడును కల్పించినది. చైత్ర వైశాఖములలో ఛోటానాగపూరు పీఠభూమిమీద కాగిన పొడిగాలి, సముద్రమునుండి వచ్చిన చెమ్మగాలిని తాకి మధ్యాహ్నమునకు మేఘములను లేపును. అవి సాయంకాలమునకు వాయవ్యదిశనుండి నల్లని గోడవలె నగరముపై విరుచుకొనిపడును. దీనినే వంగదేశీయులు కాలబైశాఖి యందురు. గంటసేపటిలో ధూళి, ఉరుము, వడగండ్లు, వాన అన్నియు ముగిసి వేడిమి పది డిగ్రీల వరకు పడిపోవును. చెట్లు కూలును, రేకులు ఎగురును. అయినను ఆ గాలికై ఎదురుచూడని గృహస్థు లేడు. జూన్ రెండవవారమున నైరుతి ఋతుపవనము ప్రవేశించును. ఏడాదికి కురియు 1,600 మిల్లీమీటర్లకు పైబడిన వర్షములో అత్యధికభాగము సెప్టెంబరులోపలనే కురియును. దుర్గాపూజ పందిళ్లు తడియుట అరుదు కాదు. డిసెంబరు, జనవరి మాసములలో ఉత్తరపుగాలి తిరిగి రాత్రివేడిమి 14 డిగ్రీల ప్రాంతమునకు దిగినప్పుడు మాత్రము నగరమంతయు ఉన్నిదుస్తులు ధరించి తిరుగును. ఢిల్లీనుండి బదిలీపై వచ్చిన ఉద్యోగులకు ఆ దృశ్యము వినోదమే.

కాని ఈ సముద్రపుగాలి ఇచ్చునది చల్లదనము మాత్రమే కాదు. 1737 అక్టోబరులో వచ్చిన పెనుగాలివాన సెయింట్ యాన్ ప్రార్థనాలయపు శిఖరమును కూల్చి, ఓడలను ముక్కలుచేసినది. మూడులక్షల మంది చనిపోయిరని లండను పత్రికలలో వెలువడిన వార్త తరువాతి గ్రంథములలోనికి అట్లే ప్రాకినది. ఆనాటి నగరములో అంత జనాభాయే లేదు. కంపెనీవారి లెక్కలో మృతులు మూడువేల ప్రాంతము. పెద్ద అంకెకు కాళ్లు ఎక్కువ.

ఒక శతాబ్దము గడచినపిమ్మట అదే నగరములో హెన్రీ పిడింగ్టన్ అనునతడు ఓడల దినచర్యపుస్తకములను ప్రోగుచేసి తుఫానుల గతిని శోధించుచుండెను. ఈతడు పూర్వము నావికుడు. పిదప కలకత్తాలో నౌకాప్రమాదములను విచారించు న్యాయస్థానమునకు అధ్యక్షుడు. 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెనను గూర్చి ఈతడు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఒక దీర్ఘవ్యాసము ప్రకటించినాడు. గోదావరి ముఖద్వారమున ఓడలు కట్టి బ్రదికిన ఆ రేవును మరల లేవనీయని ఉప్పెన అది. గాలి తిన్నగా వీచక, చుట్ట చుట్టుకొన్న పామువలె ఒక నడిమిచుక్క చుట్టు తిరుగునని గ్రహించి, దానికి గ్రీకుమాటనుండి ‘సైక్లోన్’ అను పేరును కల్పించి 1848లో తన గ్రంథమున వాడినాడు. నేడు ప్రపంచమంతటను వాడుచున్న ఆ మాట కలకత్తాలో పుట్టినది. మాత్లానది ఒడ్డున క్యానింగు పేర క్రొత్తరేవును కట్టదలచిన ప్రభుత్వమునకు 1853లో ఒక లేఖ వ్రాసి, ఏనాడో ఒకనాడు ఉప్పెన ఆ రేవును తుడిచివేయునని హెచ్చరించెను. వినినవారు లేరు. పిడింగ్టన్ 1858లో మరణించెను. 1867 నవంబరు 1న ఉప్పెన వచ్చి పోర్టు క్యానింగును పాడుచేసినది. కొలది సంవత్సరములలో ఆ రేవును విడిచిపెట్టిరి.

అంతకు మూడేండ్లకు ముందే, 1864 అక్టోబరు 5న, కలకత్తాకు ఇంకను పెద్ద దెబ్బ తగిలినది. సముద్రపుటల హుగ్లీనదివెంట లోపలికి చొచ్చుకొనివచ్చి నదీముఖమునందలి గ్రామములను తుడిచివేసినది. రేవులో లంగరువేసిన ఓడలు త్రాళ్లు తెంపుకొని ఒకదానిపై నొకటి పడి గట్టున కెక్కినవి. దాదాపు 50,000 మంది మునిగి మరణించిరని అంచనా వేసిరి. అక్కడి శవముల దహనము ముగిసినదో లేదో, నవంబరు 1వ తేదీ రాత్రి అటువంటిదే మరియొక ఉప్పెన మచిలీపట్టణమును ముంచివేసి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. ఒకే సముద్రము, ఒకే సంవత్సరము, రెండు తీరములు. నడుమ నాలుగు వారములు మాత్రమే.

మొదటి ఉప్పెనను గూర్చి నివేదికను సిద్ధపరచినవారు ఇరువురు: గాస్ట్రెల్, హెన్రీ బ్లాన్ఫర్డ్. సియాల్దా చెరువులోని చెట్ల మొదళ్లను వర్ణించినది ఈ బ్లాన్ఫర్డే. ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడు. 1865లో కలకత్తా రేవునకు తుఫాను హెచ్చరికల పద్ధతి ఏర్పడినది. 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడగా దానికి బ్లాన్ఫర్డ్ అధిపతి, కలకత్తా కేంద్రము. ఆ కేంద్రస్థానము 1905లో సిమ్లాకును, 1928లో పూనాకును, 1944లో ఢిల్లీకిని తరలినది. కేంద్రప్రభుత్వపు శాఖలలో ఒక ఉప్పెననుండి పుట్టినది ఇది యొక్కటే కాబోలు. రేవుల హెచ్చరికల పద్ధతి భారతదేశపు రేవులన్నింటికిని వ్యాపించుటకు 1886 వరకు పట్టినది. 1864లో చనిపోయిన బందరువాసుల కది ఉపయోగింపలేదు. వారి మనుమల కాలమునకు అందినది.

మరల నేలవాలునకు వత్తము. కంపెనీ కాలమున నగరపు మురికినీటిని నదిలోనికి పంపుటకు కాలువలు త్రవ్విరి. నేల తూర్పునకు వాలియుండ కాలువలు పడమటికి పోవునా? నీరు నిలిచి కుళ్లెను. 1803లో గవర్నరు జనరలైన వెల్లెస్లీ ఈ కాలువల లోపమును తన లిఖితపత్రములో ఎత్తిచూపి ఒక సంఘమును నియమించెను. 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ, లాటరీటిక్కెట్ల సొమ్ముతో వెడల్పైన రోడ్లు వేసి చెరువులు త్రవ్వించినది. జూదపు సొమ్ముతో ఒక రాజధానికి వీధులు ఏర్పడుట చిత్రమే. 1837లో జేమ్స్ రానాల్డ్ మార్టిన్ అను వైద్యుడు నగరపు పల్లములను, జ్వరములను, మరణములను కలిపి ఒక గ్రంథము వ్రాసినాడు. జ్వరముల విచారణకు కమిటీ కూర్చుండెను, సాక్ష్యములు సేకరించెను, సంవత్సరములు గడచెను.

పనిచేసి చూపినవాడు విలియం క్లార్క్ అను ఇంజనీరు. అతడు 1855 ప్రాంతమున వేసిన పథకములోని ముఖ్యసూత్రము మిక్కిలి సులభము: నేల ఎటు వాలినదో నీటిని అటే పోనిచ్చుట. నదిని విడిచిపెట్టి, నగరపు మురికినీటిని వాననీటిని భూమిక్రింద ఇటుకల సొరంగములలో తూర్పునకు నడిపి, పామర్ వంతెన వద్ద ఆవిరియంత్రములతో పైకెత్తి, అచటినుండి ఉప్పుమడుగులలోనికిని విద్యాధరీనదిలోనికిని పంపుట. 1859లో ఆరంభమైన పని 1875 నాటికి ముగిసినది. ఆ సొరంగములు పాతనగరము క్రింద ఈనాటికిని పనిచేయుచున్నవి. త్రాగునీటికై బారక్‌పూరు సమీపమున పల్తా వద్ద నదీజలమును వడగట్టి నగరమునకు పంపుట 1870 నాటికి మొదలైనది. వేసవిలో దిగువనదిలోనికి ఉప్పు ఎక్కుచుండుటచేత అంత ఎగువకు పోవలసివచ్చినది. 1911లో పూర్తియైన టాలా ఎత్తుతొట్టి 90 లక్షల గ్యాలన్లు పట్టును. ఇక దోమల మడుగుల మధ్య ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి ఆవరణలో రోనాల్డ్ రాస్ 1898లో పక్షులలో మలేరియా దోమకాటుచేతనే వ్యాపించునని నిరూపించుట లోకవిదితము.

క్లార్క్ పథకములో ఒక దోషము కలదు. అది మెల్లగా బయటపడినది. విద్యాధరి పోటుపాటులచేత బ్రదుకు ఉప్పుటేరు. పోటునీరు మడుగులలో విశాలముగా పరచుకొని, పాటు సమయమున వేగముగా వెనుకకు తీయుచు ఏటి అడుగును ఊడ్చివేయవలెను. మడుగులను గట్లుకట్టి పొలములుగా, చేపలచెరువులుగా మార్చినకొలది పరచుకొను చోటు తగ్గినది. పైగా నగరపు మురికి, పడవకాలువల త్రవ్వకము తోడైనవి. నది పూడి, 1928లో మృతనది యని ప్రభుత్వముచేత ప్రకటింపబడినది. మహానగరపు నీరు పోవుదారి మూసికొనిపోయెను. అప్పుడు బి. ఎన్. డే అను ఇంజనీరు, ఇంకను తూర్పుననున్న కుల్టీ ఏటివరకు 30 కిలోమీటర్లకు పైబడిన జంటకాలువలను రూపొందించినాడు; ఒకటి నిత్యపు మురుగునకు, రెండవది వానపొంగునకు. అవి 1943లో పూర్తియైనవి.

విద్యాధరి చచ్చుటచేత ఉప్పునీరు రాక మడుగులలోని ఉప్పుచేప నశించినది. 1930 ప్రాంతమున బెస్తలును చెరువుల యజమానులును నగరపు మురుగునీటిని మితముగా చెరువులలోనికి పెట్టి మంచినీటి చేపలను పెంచుట నేర్చుకొనిరి. పద్ధతి ఇట్టిది: చెరువులు లోతులేనివి. నీరు నిలువగా మడ్డి అడుగునకు దిగును. ఎండ సోకి పచ్చని పాచి పెరుగును. పాచి వెలువరించు ప్రాణవాయువుతో నీటిలోని సూక్ష్మక్రిములు మురికిని విడగొట్టును. ఆ పాచిని చేప తినును. తేరిన నీరు దిగువ వరిపొలములకు పారును. ధాపా వద్ద నగరపు చెత్తపై కాలీఫ్లవరు, పాలకూర పండును. నగరము పారవేసినది కొన్నిదినములలో రోహూ, కాట్లాలుగా బజారునకు తిరిగివచ్చును. దీనిని కనిపెట్టినది ఏ విశ్వవిద్యాలయమును కాదు. 1980ల నుండి దీనిని పరిశీలించి లోకమునకు వివరించినవాడు రాష్ట్రప్రభుత్వపు ఇంజనీరైన ధ్రువజ్యోతి ఘోష్. మురుగునీటి శుద్ధికి ఏమిచేయవలెనని పై అధికారులు అడుగగా కాలువవెంట నడచి పోయి చూచిన మనుజుడు. ఆయన 2018లో పరమపదించెను.

ఇంతలో నగరమునకు చోటు చాలలేదు. 1947 విభజనానంతరము తూర్పుబెంగాలునుండి వచ్చిన కాందిశీకులు మెరకలు దొరకక పల్లములలో గుడిసెలు వేసికొనిరి. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ఉత్తరపు ఉప్పుమడుగును పూడ్చి క్రొత్తనగరమును నిర్మింప సంకల్పించి, 1962 ఏప్రిలులో పనిని ప్రారంభించెను. ఆ జులై 1న గతించెను. యుగోస్లావియా సంస్థ యొకటి హుగ్లీనది అడుగుననున్న ఇసుకబురదను నీటితో కలిపి గొట్టములద్వారా మైళ్లదూరము పంపి మడుగును నింపినది. వేలయేండ్లలో నది చేయవలసిన పనిని యంత్రములు అయిదారేండ్లలో చేసినవి. అదే నేటి బిధాన్ నగరము, వాడుకలో సాల్ట్ లేక్. కేంద్రప్రభుత్వపు కార్యాలయములు పెక్కు అచటి సి. జి. ఓ. భవనములలో నున్నవి. ఆ మేజాబల్లల ముందు కూర్చుండి పనిచేయు తెలుగు ఉద్యోగులలో తమ పాదములక్రింద అరువది యేండ్ల క్రిందట చేపలు ఈదుచుండెనని ఎరిగినవారు ఎందరో!

నేల మెత్తదనము అప్పుడప్పుడు తన్ను జ్ఞాపకము చేసికొనుచుండును. 1972 డిసెంబరులో పునాదిపడిన భూగర్భరైలుమార్గము ఒండ్రుమట్టిలో, ఊటనీటిలో పండ్రెండేండ్లు ప్రయాసపడి 1984 అక్టోబరు 24న మూడున్నర కిలోమీటర్లు మాత్రము నడచినది. 2019 ఆగస్టు 31న బౌబజారులో సొరంగము త్రవ్వు యంత్రము నీటిపొరను తాకగా పైనున్న పాతయిండ్లు పగిలి కూలినవి. అయినను 2024 మార్చిలో హుగ్లీనది అడుగుగా రైలు నడచినది. నది పూడికను తొలగించుటకు 1975లో ఫరక్కా ఆనకట్టనుండి గంగనీటిని మళ్లించిరి. పెద్ద ఓడలకు మాత్రము దిగువనున్న హల్దియా రేవే శరణ్యమైనది.

వాన మాత్రము మారలేదు, మారినచో హెచ్చినది. 1978 సెప్టెంబరు చివర ఒక్కదినములో దాదాపు 370 మిల్లీమీటర్లు కురిసి నగరము దినములకొలది మోకాలిలోతున, నడుములోతున నిలిచినది. 2020 మే 20న ‘ఆంఫాన్’ తుఫాను డమ్‌డమ్ వద్ద గంటకు 133 కిలోమీటర్ల వేగముతో వీచి వేలచెట్లను పెరికివేసినది. 2025 సెప్టెంబరు 22 రాత్రి మొదలు మరునాటి ఉదయము వరకు సుమారు 250 మిల్లీమీటర్ల వాన పడగా, నీట మునిగిన వీధులలో విద్యుద్ఘాతమునకు ప్రాణములు కోల్పోయినవారును కలరు. ఈ నీరంతయు పోవలసినది తూర్పునకే. తూర్పునగల చెరువులు పొంగునీటిని పట్టియుంచు పాత్రలు. వానిపై మట్టిపోసి అంతస్తుల మేడలు కట్టినచో ఆ నీరు వచ్చినవీధికే మరలిపోవును. 1992లో ఒక ప్రజాసంఘము వేసిన వ్యాజ్యముపై హైకోర్టు ఆ చెరువులను పూడ్చరాదని ఆజ్ఞాపించినది. 2002 ఆగస్టు 19న 12,500 హెక్టారుల ఈ ప్రదేశము రామ్‌సార్ ఒడంబడికలో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా చేరినది. 2006లో రాష్ట్రశాసనము వచ్చినది. శాసనము వచ్చినను రాత్రివేళ మట్టిలారీలు వచ్చుట పూర్తిగా ఆగలేదు.

అదే దినమున, 2002 ఆగస్టు 19ననే, అదే పట్టికలో చేరిన మరియొక చిత్తడినేల కొల్లేరు. అచట కథ తలక్రిందుగా నడచినది. కలకత్తాలో చేపలచెరువులు మడుగును కాపాడినవి. కొల్లేటిలో చేపలచెరువుల గట్లే సరస్సును ముక్కలుచేసి బుడమేరు, తమ్మిలేరుల వరదకు అడ్డముపడినవి. 2006లో ప్రభుత్వము ఆ గట్లను తెగగొట్టించవలసివచ్చినది. చేప ఒకటే, నీరు ఒకటే. గట్టు ఎచట వేసిరి, ఎవరి వరదను ఆపిరి అన్నదే భేదము.

నేటికిని కలకత్తాలో కుండపోతవాన కురిసినప్పుడు నగరపాలకసంస్థవారు మొదట చూచునది ఆకాశమును కాదు, పోటుపాటుల పట్టికను. హుగ్లీలో పోటు వచ్చినచో నదివైపు తూముల తలుపులు మూయుదురు. లేనిచో నదియే నగరములోనికి వచ్చును. తలుపులు మూసిన ఆ నాలుగైదు గంటలలో వాన పడినదా, థన్‌థనియా, కాలేజీవీధులలో పుస్తకాల అంగళ్లవారు అట్టడుగు అరలలోని పుస్తకములను పైయరలకు ఎక్కింతురు. ముప్పది కిలోమీటర్ల అవతల కుల్టీ తూములవద్ద కావలివారు పాటుకై వేచియుందురు.